ఏడు కట్టలూ ముప్పై ఆరు కార్డులూ

ఇది అక్టోబరు పద్దెనిమిది, శనివారం, మధ్యాహ్నం మూడుంబావుకి మొదలైంది. ఆ గంటకి నేను మా వసారాలో కూర్చుని, నా దగ్గరున్న మూడు వందల ఎనభై ఆరు ఆట కార్డుల మీద చేత్తో నీళ్లు చల్లాను. ఎవరూ చెయ్యమనలేదు. నాకు బాగా తెలిసిన పని అనుకునే చేశాను.

ఈ కార్డులు ఒకప్పుడు బబుల్ గమ్ పొట్లంతో పాటు వచ్చేవి. ముందు వైపు క్రికెట్ ఆటగాడి బొమ్మ, వెనక అతను ఆడిన ఆటలు, చేసిన పరుగులు, సగటు. భోపాల్‌పట్నం సంతలో మా చెల్లెలు గమ్ కొనేది. "గమ్ము నాకు, లెక్కలు నీకు అక్కా" అని కార్డు నా చేతిలో పెట్టేది. నేను ఇంటికొచ్చి ప్రతి సగటూ భాగించి చూసేదాన్ని. రెండు కార్డుల మీద తప్పుంది. పెన్సిలుతో దిద్దాను.

మూడు వందల ఎనభై ఆరులో ఒక్కటి మాత్రం అచ్చుకార్డు కాదు. మా చెల్లెలు జిల్లా కబడ్డీ జట్టులో ఆడేది. జట్టు ఫొటోలోంచి తనని కార్డు కొలతకు కత్తిరించి, అట్టకు అంటించి, వెనక బాల్‌పెన్నుతో రాశాను: ఆటలు 31, కూతకెళ్లి తెచ్చిన పాయింట్లు 118, సగటు 3.8. ఆటలన్నిటికీ నోటుబుక్కు పట్టుకుని వెళ్లింది నేనే. ఫొటోలో మిగిలిన ముక్కలు పొయ్యిలో వేశాను. కొలతకు రానిది దాచే అలవాటు నాకు లేదు.

చెల్లెలు పోయేనాటికి దాని కూతురికి ఎనిమిది నెలలు. తండ్రి వైపు వాళ్లు పెంచారు, ఇటు రానివ్వలేదు. మొన్న తండ్రి పోయాక ఆ అమ్మాయే నా నంబరు వెతుక్కుని ఫోన్ చేసింది. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. తల్లి ముఖం గుర్తులేదు, ఫొటోలో కూడా చూడలేదు. చెల్లెలి ముఖం ఉన్న కాగితం ఆ కార్డు తప్ప ఇంకోటి లేదు. ఆదివారం పదకొండింటి బస్సుకి వచ్చి, దాన్ని పట్టుకెళ్లి పెద్దది చేయించుకుంటానంది.

కార్డులన్నీ నాలుగు అద్దాల ఫ్రేముల్లో వసారా గోడకు ఉండేవి. సంతరోజున జనం ఆగి చూసేవాళ్లు. "కల్లేదారమ్మ ఇంట్ల ఆకులు సుత బ్యాటు పట్టుకుంటయి" అని నవ్వేవాళ్లు. కల్లేదారమ్మ అంటే నేనే. ఇరవై ఆరు ఎండాకాలాలు తునికాకు కల్లంలో లెక్క చూశాను. బీడీలు చుట్టే ఆ ఆకుని యాభైకి ఒక కట్టగా కట్టి తెస్తారు. నేను కట్టలు లెక్కపెట్టి, ఎండబెట్టించి, సంచులకెత్తించాలి. ఎండిన ఆకు పెళుసు, సంచిలో కుక్కితే పొడైపోతుంది. అందుకని ముందు పలచగా నీళ్లు చల్లి గోనెపట్టా కప్పుతాం. తెల్లారేసరికి ఆకు మెత్తబడి చెప్పిన మాట వింటుంది.

ఈ వానాకాలం ఫ్రేముల్లోకి చెమ్మ దిగింది. కార్డులు బయటికి తీసి మూడు రోజులు ఎండలో పరిచాను. అంచులు లేచి అన్నీ దోసిలిలా ముడుచుకున్నాయి, చెల్లెలి కార్డుతో సహా. ఆ వంకరతో దాన్ని అమ్మాయి చేతిలో పెట్టడం నాకిష్టం లేకపోయింది.

నేను నీళ్ల చెంబు తెచ్చుకోవడం చూసి కోడలు ఫోన్ పట్టుకొని వచ్చింది. "అత్తమ్మా, ముందు చిన్నత్త కార్డు ఒక్కటి ఫొటో తీసుకుంటా."

"వంకరున్నప్పుడు తీస్తే వంకర ఫొటోనే వస్తది. రేపు సాపుగైనంక తియ్యి."

"నీళ్లేంది అత్తమ్మా? అవి కాయితాలు గదా."

"ఆకు కన్నా మందమే. నువ్వెన్ని కల్లాలు చూసినవ్?"

ఆమె ఫోన్ దించేసింది. నేను వరస వరసకీ నీళ్లు చిలకరించి, యాభై చొప్పున ఏడు కట్టలు కట్టాను. ముప్పై ఆరు మిగిలాయి, వాటిని విడిగా కట్టాను. చెల్లెలి కార్డు మొదటి కట్టలో ఇరవై అయిదోది. కట్ట నడుమ ఉన్న ఆకు చెడిపోదు. తడి గోనె కప్పి, పైన మసాలా నూరే బండ పెట్టాను.

ఆదివారం ఉదయం ఆరూ నలభైకి గోనె తీశాను. ముందు తడి జిగురు వాసన తగిలింది. మొదటి కట్ట చేతిలోకి తీసుకుంటే యాభై కార్డులూ ఒక్క చెక్కముక్కలా లేచాయి.

దాన్ని పక్కన పెట్టాను. చెయ్యి కుదిరాక ముట్టుకుందామని, ఆఖరి ముప్పై ఆరుతో మొదలుపెట్టాను. కోడలు కుట్టుదారం తెచ్చి రెండు కొసలూ పట్టుకుని కార్డుల నడుమ మెల్లగా రంపంలా లాగింది. కొన్ని విడిపోయాయి. కొన్నిటి రంగు పక్క కార్డు వీపున అంటుకుని వచ్చేసింది. నేను రెండు కుప్పలు పెట్టి లెక్క చెబుతున్నాను.

ఎనిమిదీ యాభైకి ఫోన్ మోగింది. "పెద్దమ్మా, వాజేడు దాటినం. అమ్మ కార్డు తీసి పెట్టినవా?"

"ఉన్నది. రా" అన్నాను.

కోడలు దారం కింద పెట్టింది. "మొదటి కట్ట ముట్టుకోవద్దు అత్తమ్మా. నీడన ఆరనిద్దాం, నాలుగు రోజులైతయి. పెద్ద ఊర్ల ఫొటోలు బాగుచేసేటోళ్లు ఉంటరు, అడుగుదాం."

"అంత దూరం నుంచి వచ్చే పిల్లకి ఏం చూపియ్యాలె? చెక్కముక్కా?"

"నిజం చెప్పరాదా?"

చెప్పలేకపోయాను. పదీ పదికి మొదటి కట్ట విప్పాను. పైనుంచి ఇరవై మూడు, కిందినుంచి ఇరవై అయిదు తీశాం. ఇరవై నాలుగూ ఇరవై అయిదూ మాత్రం మిగిలాయి. చెల్లెలి ముఖం ఇరవై నాలుగో కార్డు వీపుకు అతుక్కుని ఉంది. దారం దూరలేదు. అప్పుడే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడయింది. పదకొండూ అయిదు.

అమ్మాయి నేల మీద పరిచిన కార్డులూ నా తడి చేతులూ చూసింది. నిన్నటి నుంచి జరిగిందంతా గంటలతో సహా చెప్పాను. తలుపు దగ్గరే నిలబడి వింది.

"ఆకులకు చల్లినవ్ సరే" అంది. "మా అమ్మకు సుత చల్లినవా పెద్దమ్మా?"

అతుక్కున్న రెండు కార్డులూ ఆమె ముందు పెట్టాను.

"ఆరబెడితే వస్తదేమో అంటున్న" అంది కోడలు.

"వస్తదని ఎవరన్న చెప్పిన్రా? లేదు గదా. ఇరవై తొమ్మిదేండ్లు ఆగిన, ఇంక ఆగలేను. తియ్యి పెద్దమ్మా, నా ముందే తియ్యి."

గోరుతో మూల లేపాను. సగం దాకా శబ్దం లేకుండా వచ్చింది. తర్వాత చిన్నగా చిరిగిన చప్పుడు. చెల్లెలి కార్డు తెల్లగా బయటపడింది. ఇరవై నాలుగో కార్డు వెనక, ఎవరో ఆటగాడి పరుగుల మీద, నల్లటి జడ ఒకటీ భుజం కొంతా అంటుకుని ఉన్నాయి. ముఖం ఉండాల్సిన చోట రంగు మరక.

అమ్మాయి రెండు కార్డులూ తీసుకుని వెలుతురులోకి వెళ్లింది. జడని చాలాసేపు చూసింది. తన జడ ముందుకు వేసుకుని పక్కన పెట్టి చూసింది. తర్వాత తెల్లబడిన కార్డు తిప్పి నా రాత చదివింది.

"సగటు మూడు పాయింట్ ఎనిమిదేనా?"

"మూడు పాయింట్ ఎనిమిది సున్న ఆరు. జాగా లేక అక్కడ ఆపిన."

"అంటే ఆటకు నాలుగుకి దగ్గరన్నట్టు."

"దగ్గరే. ఆఖరి ఆటల తొమ్మిది తెచ్చింది."

ఆమె కూర్చుంది. "ఆ తొమ్మిదీ ఎట్ల తెచ్చిందో చెప్పు" అంది. నోటుబుక్కు తెమ్మన్నాను కోడలిని. సాయంత్రం బస్సుకి వెళ్లేటప్పుడు రెండు కార్డులూ తనే పట్టుకెళ్లింది. మళ్లీ వస్తానని గానీ రానని గానీ అనలేదు.

మిగిలిన ఆరు కట్టలూ ఆ రాత్రే విడదీశాం. సోమవారం ఉదయం లెక్క చూశాను. అమ్మాయి పట్టుకెళ్లిన రెండూ కలిపి మొత్తం కార్డులు 386. బాగా ఉన్నవి 241. బొమ్మ గానీ రాత గానీ చెడినవి 144. పెన్సిలుతో దిద్దిన రెండూ అందులోనే ఉన్నాయి. చెల్లెలి కార్డు 1. వెనక రాత ఉంది, ముఖం పోయింది.