లిఫ్టులో తగిలిన కాలు

మెల్‌బోర్న్ నడిబొడ్డున, పేదలకు ప్రభుత్వం కట్టించిన ఎత్తైన భవనంలోకి మేం కొత్తగా చేరిన రోజులవి. ఎనిమిది మంది పట్టే లిఫ్టులో పదిమందిమి ఎక్కాం. పక్కనున్న బలిష్ఠుడి బూటుకు నా కాలు తగిలింది. అలవాటు చొప్పున అతని భుజం తాకి చెయ్యి కళ్లకద్దుకున్నాను.

నన్ను గోడకు అదిమి పిడికిలెత్తాడు. "డోంట్ టచ్ మీ, మేట్!"

"సారీ బ్రదర్! అవర్ కస్టమ్ బ్రదర్!" మా ఆవిడ అరిచింది. మిగతావాళ్లు అంతస్తుల అంకెలవైపే చూస్తున్నారు.

"సారీ అయితే నోటితో చెప్పి ఏడువు," అని అతను ఇంగ్లిష్‌లో కసిరి వదిలేశాడు.

ఇంటికొచ్చాక ఆవిడా నామీదే పడింది. "తగిలితే తగిలింది, దండం దేనికండీ?"

నాకిప్పటికీ మింగుడుపడదు. తన్నినందుకు కాదు, మర్యాద చేసినందుకు కొట్టబోయాడు. ఇక్కడ ఏది గౌరవమో, ఏది కయ్యమో ఏ గోడమీదా రాసి ఉండదు. తెలుసుకునేలోపే దవడ పగిలేట్టుంది.