గడీ ముందర చెప్పులు

ఆదివారం పొద్దున జనగామలో రైలెక్కేసరికి నా కాళ్లు భూమ్మీద నిలవడం లేదు. మా ఊరి పంచాయతీ గోడ మీద రైతుల పోరాటం బొమ్మ వేసే పని డ్రాయింగ్ టీచరునైన నాకు అప్పగించారు. నాంపల్లిలో అలాంటి చిత్రాల ప్రదర్శన జరుగుతోందని తెలిసి అమ్మమ్మను వెంటబెట్టుకుని బయల్దేరాను. ఆ పోరాటంలో ప్రాణం పోయిన వాళ్లక్క లచ్చమ్మకు ఒక్క ఫోటో కూడా లేదు. కనీసం గోడ మీదైనా అక్కను చూసుకోవాలని అమ్మమ్మ కోరిక. తొంభైకి దగ్గరపడ్డ మనిషి, ఇంకెన్నాళ్లు ఆగమంటాను?

పక్క సీటావిడ "ఏ దవాఖానకు పోతున్నరు అవ్వా?" అని అడిగింది.

"దవాఖానకు గాదు. మా అక్కను చూడవోతున్న" అంది అమ్మమ్మ.

నాంపల్లిలో దిగేసరికి పదిన్నర. ప్రదర్శన పన్నెండుకు గానీ తెరవరన్నారు. సరే అని ఆటోలో అబిడ్స్ వెళ్లాం. ఆదివారాలు పేవ్‌మెంట్ మీద పరిచే పాత పుస్తకాల్లో యుద్ధాల బొమ్మల పుస్తకం దొరికింది, బేరమూ కుదిరింది. ఇడ్లీ తిని, చాయ్ తాగి వెనక్కి వచ్చాం. మీరు వెళ్తే ఆదివారమే వెళ్లండి, రెండు పనులూ అవుతాయి.

హాల్లో గోడంత చిత్రం ముందు ఆగిపోయాం. ఎర్రటి ఆకాశం, దొర గడీ తలుపులు, కొడవళ్లెత్తి దూసుకెళ్లే ఆడవాళ్లు. కాసేపటికి నాలోని టీచరు లేచింది. ఒక్కరికీ చెమట లేదు, చీర మడత నలగలేదు, అంతా పెళ్లికి వెళ్తున్నట్టున్నారు. పైగా అందరి కాళ్లకూ చెప్పులు.

"దొరకు భయపడి ఊరోళ్లు గడీ ముందర చెప్పులు ఇడిసి చేతుల పట్టుకునేటోళ్లని నువ్వే చెప్పినవ్ గదా అమ్మమ్మా. ఈయన తప్పు గీసిండు. మన గోడ మీద వట్టి కాళ్లే వేస్త."

అమ్మమ్మ చూపు ముందు వరసలోని ఆడమనిషి పాదాల మీదే ఉంది.

"వట్టి కాళ్లు ఎయ్యకు బిడ్డా."

"నిజం గట్లనే ఉండె గదా?"

"ఔ. మా అక్క గూడ చేతులనే పట్టుకొని పోయేది. ఒక్కపారన్న తొడుక్కొని గడీ ముందరికెళ్లి నడుస్తనన్నది. గందుకే సంఘంల కలిసింది. నడవకముందే పానం పోయింది."

నాకు ఏడుపూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. చెమట తుడిచేసినందుకు ఆ చిత్రకారుణ్ణి క్షమించను. చెప్పులు తొడిగినందుకు మాత్రం దండం పెడతాను.

సాయంత్రం రైల్లో కిటికీ పక్క చోటు దొరికింది. ఆగలేక అక్కడే స్కెచ్ మొదలుపెట్టాను. చిరుగుల చీర, చెమట కారే మొహం, చేతిలో కొడవలి, కాళ్లకు చెప్పులు. అమ్మమ్మ కాగితం దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది.

"కిర్రు చెప్పులు ఎయ్యి బిడ్డా" అంది. "లోపలున్న దొరకు సప్పుడు ఇనవడాలె."