తోక ముందుకొచ్చిన రాకెట్టు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో చేపల సంగతి తెలియని పిల్ల ఉండేది కాదు. నాగాయలంక పక్క పల్లె మాది. నడక నేర్చినంత సులువుగా ఈత నేర్చాం, అంతకంటే ముందే చేపల పేర్లు నేర్చాం. అందుకే నేను మొదటిసారి కాగితంతో రాకెట్టు చేసినప్పుడు అది అచ్చం చేపలాగే తయారైంది. పాఠ్యపుస్తకంలో ఒక మసక బొమ్మ తప్ప రాకెట్టు ఎలా ఉంటుందో నేను చూసింది లేదు. గాలిలో ఈదాల్సింది చేపలా ఉండక ఇంకెలా ఉంటుంది! చేపకి మొప్పల పక్కనే కదా రెక్కలు, నేను కూడా అట్టముక్కలతో రెండు పెద్ద రెక్కలు కత్తిరించి తల దగ్గరే అంటించాను. అంటించి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇదంతా బందరు వెళ్ళాలనే ఆశతో. అక్కడ బడిపిల్లల సైన్సు ప్రదర్శన పెడుతున్నారు, ఒక్కో బడి నుంచి ఒక్క వస్తువే తీసుకుంటారట. మా సైన్సు మాస్టారు షరతు పెట్టారు. శనివారం నాడు నా రాకెట్టు బడి పెంకుల కప్పు దాటి అవతల పడితే నేను వెళ్తాను, లేకపోతే పై తరగతి వాళ్ళు చేసిన మట్టి అగ్నిపర్వతం వెళ్తుంది. ఆ అగ్నిపర్వతం అంటే నాకు ఒళ్ళుమంట. బందరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నట్టు, రాకెట్టు నా ఒళ్ళో ఉన్నట్టు ఊహించుకుంటుంటే అన్నం కూడా సహించేది కాదు.

మా రాకెట్టుకి మందూ మంటా లేవు. పాత ఫుట్‌బాల్ లోపలి బ్లాడరు మూతికి ఒక వెదురు గొట్టం దూర్చి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాను. గొట్టంలోంచి ఊది బ్లాడరు ఉబ్బించి, ఆ గొట్టం మీద కాగితం రాకెట్టు తొడిగితే, మా చెల్లి పరుగెత్తుకొచ్చి బ్లాడరు మీద దూకేది. లోపలి గాలంతా ఒక్కసారిగా రాకెట్టుని పైకి తన్నేది. తన్నడం బ్రహ్మాండంగానే తన్నేది. కానీ మనిషెత్తు లేచిందో లేదో రాకెట్టు గిర్రున పిల్లిమొగ్గ వేసి, వచ్చి నా నెత్తి మీదే పడేది. చెల్లి పొట్ట పట్టుకుని నవ్వేది.

గాలి చాలలేదేమోనని బ్లాడరు ఇంకా గట్టిగా ఊదాను. గొట్టం మార్చాను. క్రిస్మస్ నక్షత్రానికి మిగిలిన రంగు కాగితాలన్నీ మైదా బంకతో పొరలు పొరలుగా అంటించాను. రెక్కలు చిన్నవయ్యాయని ఇంకా పెద్దవి చేశాను. అన్నీ ఒకేసారి చేశాను కాబట్టి ఏది మేలు చేసిందో ఏది చెడగొట్టిందో నాకే తెలియలేదు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టు, ఇప్పుడది మనిషెత్తు కూడా లేవడం మానేసింది.

శనివారం ఇంకెంతో దూరం లేదు. ఏడుపు ఆపుకుంటూ రాకెట్టు పట్టుకుని కళ్ళంలోకి వెళ్ళాను. నూర్పిళ్ళ రోజులవి. అవనిగడ్డలో టైపు నేర్చుకుంటున్న మా చిన్నత్తయ్య, అంటే నాన్నగారి ఆఖరి చెల్లెలు, సాయం చెయ్యడానికి ఇంటికొచ్చి ఉంది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగ్గానే చేట నెత్తికెత్తి ధాన్యం తూర్పారబడుతోంది. గట్టి గింజలు కాళ్ళ దగ్గర పడుతున్నాయి, తాలూ పొట్టూ గాలి వెంట కొట్టుకుపోతున్నాయి. అత్తయ్య మహా వేళాకోళం మనిషి. నన్ను చూడగానే, "ఏమే, నీ విమానం ఇవాళ కూడా నేల మీదే దిగిందా?" అంది. నాకు బావురుమని ఏడుపొచ్చింది.

అత్తయ్య చేట కింద పెట్టి రాకెట్టు తీసుకుంది. వేలి మీద ఆనించి అటూ ఇటూ జరిపి, అది ఎటూ ఒరగకుండా నిలిచిన చోట దారం కట్టింది. దారం పట్టుకుని గాలికి అడ్డంగా వేలాడదీసి, నన్ను చేతులు వెనక్కి కట్టుకుని ఊరికే చూడమంది. అత్తయ్య దించిన చేట మా అమ్మ అందుకుని పొట్టు వదులుతుంటే, ఆ పొట్టు వచ్చి రాకెట్టుకి తగులుతోంది. అంతా తల దగ్గరి పెద్ద రెక్కలకే కొట్టుకుంటోంది. గాలి ఆ తలనే నెట్టుకుంటూ వెనక్కి తీసుకుపోయింది. రాకెట్టు మెల్లగా తిరిగి, తోకని గాలికి ఎదురుపెట్టి నిలబడింది.

నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది! అది పిల్లిమొగ్గ వేస్తోంది అందుకే. పైకి లేచిన ప్రతిసారీ గాలి దాన్ని తోక ముందుకి తిప్పేస్తోంది. "అత్తా, రెక్కలు కిందకి మార్చాలే!" అని అరిచాను. మార్చమంది, కానీ రెక్కలు తప్ప ఇంకేం ముట్టుకున్నా వేళ్ళు విరిచేస్తానంది. మార్చి మళ్ళీ వేలాడదీస్తే, ఈసారి ఎటు తిరగాలో తెలియనట్టు అడ్డంగా ఊగిసలాడింది. తోక బరువెక్కిందని నాకే తట్టింది. కాలవగట్టు నుంచి చిటికెడు బంకమట్టి తెచ్చి ముక్కులో కూరాను. దారం జరిపి కట్టి గాలిలో పెట్టగానే, రాకెట్టు సర్రున తిరిగి ముక్కుని సముద్రం వైపు పెట్టి కదలకుండా నిలబడింది. చెల్లిని కేకేశాను. అది బ్లాడరు పట్టుకొచ్చి దాని మీద దూకింది. రాకెట్టు గడ్డివాము మీదుగా, కొబ్బరాకులు రాసుకుంటూ వెళ్ళి పక్క చేలో పడింది. అమ్మ చేట వదిలేసి చప్పట్లు కొట్టింది. నేనైతే గడ్డిలో పడి దొర్లాను.

అప్పుడు చేసింది అత్తయ్య అసలు తమాషా. చేలోకి పరుగెత్తి రాకెట్టు తెచ్చి, కొంగులో దోపుకుంది. "ఇది నాది. నీకు కావాలంటే ఇంకోటి చేసుకో" అంది. వేళాకోళమేమో అనుకున్నాను. బతిమాలాను, కాళ్ళు పట్టుకున్నాను, పొద్దుగూకేదాకా వెంట తిరిగాను. ఇవ్వలేదు. ఇంత దుర్మార్గురాలు లోకంలో ఉండదని చెల్లితో చెప్పి, కోపంతో అన్నం మానేశాను.

మర్నాడు పంతం పట్టి కొత్తది చేశాను. రెక్కలు తోక దగ్గర, మట్టి ముక్కులో. వదిలితే పిల్లిమొగ్గ వెయ్యలేదు గానీ, జారిన బొంగరంలా సుళ్ళు తిరుగుతూ పక్కకి పోయింది. అత్తయ్య అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉంది. సాయానికి ఆవిడ దగ్గరికి వెళ్ళకూడదని నాకు పట్టుదల. చేతులు వెనక్కి కట్టుకుని, చెల్లి చేత మళ్ళీ మళ్ళీ దూకిస్తూ చూశాను. ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతోంది. ఒకే వైపు! రాకెట్టుని కంటికి ఎదురుగా పట్టుకుని తోక వైపు నుంచి చూస్తే, ఒక రెక్క వాలుగా అంటుకుని ఉంది. ఊడదీసి నిటారుగా అంటించాను, ఇంకేం ముట్టుకోలేదు. బంక ఆరేదాకా ఆగడమే కష్టమైంది. ఆరాక అది నిలువునా లేచి కొబ్బరిచెట్టు మొవ్వు దాటింది. అరుగు మీద అత్తయ్య ఈల వేసింది. ఆడవాళ్ళు ఈల వెయ్యడం నేను చూడటం అదే మొదలు.

శనివారం బడి పెంకుల మీదుగా నా రాకెట్టు పోతుంటే మాస్టారు కళ్ళజోడు తీసి పైకి చూశారు. బందరు వెళ్ళాను. కిటికీ పక్కనే కూర్చున్నాను. ప్రదర్శనలో బహుమతి ఎవరికో వచ్చింది, అది నాకు గుర్తు కూడా లేదు.

అత్తయ్య ఆ రోజు కళ్ళంలో రాకెట్టు నాకు ఇచ్చేసి ఉంటే, నా దగ్గర ఒక మంచి రాకెట్టు ఉండేది, ఏ వానకో తడిసి పోయేది. ఇవ్వలేదు గనుక, ఇన్నేళ్ళ తరవాత కూడా ఇంట్లో ఏదైనా మొరాయించిందని ఎవరైనా మొహం వేలాడేసుకుని వస్తే, నాకు లోపల చిన్నపిల్లలా ఉత్సాహం పుడుతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, ముందు కాసేపు చూస్తాను.