బాలమణిగారి మీసం

బాలమణిగారింటికి ఫోన్ చేసిన ప్రతివాడూ ముందుగా "భీమశంకర్ గారూ, బాగున్నారా?" అనేవాడు. "ఆయన స్నానం చేస్తున్నారండీ, నేను వాళ్ళావిడని" అని ఆవిడ జవాబు చెప్పేది. అవతల నవ్వు ఆపుకుంటున్న దగ్గు. న్యూజెర్సీలో మా అపార్ట్‌మెంట్లలో అప్పుడు తెలుగువాళ్ళం పన్నెండు కుటుంబాలం. వాళ్ళిల్లు పోను మిగతా పదకొండిళ్ళవాళ్ళమూ ఆ దగ్గు దగ్గాం. మాది పక్క వాటా కాబట్టి నేను కాస్త ఎక్కువే దగ్గాను.

ఆవిడ గొంతు అంత లావు. వాళ్ళ నాన్న తెనాలిలో ఒక నాటకాల కంపెనీకి హార్మోనియం వాయించేవాడట. ఈవిడ తెర పక్కన పీట వేసుకు కూర్చుని, పదేళ్ళొచ్చేసరికి రాజు పద్యాలూ మంత్రి పద్యాలూ నోటికి పట్టేసింది. రాణి పద్యాలు మాత్రం ఎక్కలేదు. వాటికి గొంతు పైకి లేవాలి, ఆవిడది లేవదు. "ఆడపిల్లకి ఇదేం గొంతు" అని పెళ్ళిచూపుల్లో పాడనివ్వలేదు. ఆ గొంతు సంగతి భీమశంకర్ గారికి పెళ్ళయిన మూడోరోజున తెలిసింది. మంచివాడు కాబట్టి బెదిరిపోయి ఊరుకున్నాడు.

1979లో ఆవిడ ఒక ఆస్పత్రిలో రోగుల ఫైళ్ళు సర్దే ఉద్యోగం చేసేది. ఎవరూ లేరనుకుని ఫైళ్ళ మధ్య పాడుకుంటుంటే ఒక నర్సు విని, తమ ఊరి ఒపేరా సంఘానికి లాక్కుపోయింది. ఒపేరా అంటే మరేం లేదు, తెల్లవాళ్ళ పద్యనాటకం. మాట్లాడాల్సినవన్నీ పాడతారు, చచ్చిపోయే ముందు ఇంకాస్త ఎక్కువ పాడతారు. నాకు కనిపించిన తేడా ఒక్కటే. మన దగ్గర పద్యం బాగుంటే "వన్స్ మోర్" అని అరుస్తాం, చచ్చి పడున్నవాడైనా లేచి, బట్టలు దులుపుకుని, మళ్ళీ పాడి మళ్ళీ చస్తాడు. వాళ్ళ దగ్గర చచ్చినవాడు చచ్చినట్టే.

సంఘం డైరెక్టర్ వాల్టర్ కళ్ళు మూసుకుని ఆవిడ పాట విని "అద్భుతం" అన్నాడు. కళ్ళు తెరిచి ఆవిడని చూసి, దాసి వేషం ఇచ్చాడు. మరుసటేడు జోస్యం చెప్పే దేశదిమ్మరి. ఆ పై ఏడు మంత్రగత్తె. ఆ తర్వాత, ఆవిడ బాగా రాటుదేలిందని కాబోలు, మళ్ళీ దాసి.

1984లో ఇండియాలో జరిగే ఒపేరా ఎత్తుకున్నారు. వజ్రాల గని ఉన్న రాజు, ఆయన కూతురు, ఓడలో వచ్చిన తెల్ల కెప్టెన్. కూతురు కెప్టెన్ని ప్రేమిస్తుంది, తండ్రి శపిస్తాడు, కూతురు విషం తాగుతుంది, తండ్రి ఏడ్చి ఏడ్చి తనూ పోతాడు. రాసినవాడు ఇండియా మొహం చూడలేదని రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. రాజకూతురి వేషం లిండా అనే ఆవిడకిచ్చి, మొహానికీ మెడకీ చేతులకీ గోధుమరంగు పూశారు. రాజు వేషం ఒక బ్యాంకు మేనేజరుకిచ్చారు. విశాలమైన మనిషి, ఆయనకి రెండు డబ్బాల రంగు పట్టింది. లిండాకి చీర కట్టే పనీ, బిందె పట్టుకుని వెనక నిలబడే వేషమూ బాలమణిగారివి.

"రాజు వేషం నేను వేస్తాను. ఆ స్వరాలన్నీ నాకు అందుతాయి" అని ఆవిడ వాల్టర్‌ని అడిగింది.

"రాజు మగవాడు కదా."

"ఒపేరాల్లో ఆడవాళ్ళు కుర్రాళ్ళ వేషాలు వేస్తారని మీరే చెప్పారు."

"కుర్రాళ్ళవి వేస్తారు, రాజులవి కాదు. పైగా..." అని అతను కాసేపు నీళ్ళు నమిలాడు. "మీరు వేస్తే మరీ నిజంగా ఇండియాలా ఉంటుంది. ఒపేరాలా ఉండదు."

ఈ ముక్క ఆవిడ మా వంటింట్లో కూర్చుని చెప్పింది. నేను పడీపడీ నవ్వాను. కాసేపటికి చూస్తే నేనొక్కదాన్నే నవ్వుతున్నాను.

పోనీ మనవాళ్ళున్నారు కదా అని ఉగాది నాటకం రిహార్సల్‌కి వెళ్ళింది. మనవాళ్ళంటే సాంబశివరావుగారు. గుంటూరు మనిషి, మందుల కంపెనీలో కెమిస్టు. ప్రతి ఉగాదికీ రాజు వేషం ఆయనదే. ఆయన మీసం పలికినంత బాగా ఆయన గొంతు పలికేది కాదు.

"అన్నయ్యగారూ, ఈసారి రాజు పద్యాలు నేను పాడతాను."

"జోకా ఏంటమ్మా? ఆడవాళ్ళు మగవేషం వేస్తే ఆడియన్స్ ఏమనుకుంటారు?"

"మీరు కాలేజీలో రాణి వేషం వేసి కప్పు కొట్టారుగా! చీరలో ఫోటో మీ లివింగ్ రూమ్‌లో చూశాను."

"అది యాక్టింగ్ అమ్మా!"

"మనూళ్ళల్లో మగవేషాలు కట్టిన ఆడవాళ్ళు లేరా? మా నాన్న వాళ్ళకి వాయించాడు."

"వాళ్ళు వేరు. మన ఇళ్ళల్లోవాళ్ళు కాదు. మీరు పులిహోర డిపార్ట్‌మెంట్ టేకోవర్ చేయండి చాలు." చుట్టూ ఉన్న మగాళ్ళు నవ్వేసరికి ఆయనకి హుషారు పుట్టి మీసం మెలేశాడు. "ఆడది పాడిన రాజు పద్యానికి ఒక్క మగాడు వన్స్ మోర్ అన్నా, ఇదిగో, ఈ మీసం తీయించేసుకుంటా!"

ఆ ఉగాదికి పులిహోర ఆవిడే చేసింది. ఉప్పు వేయలేదు. మర్చిపోయానంది.

ఒపేరా సంఘం ఏటా మే నెలలో ఒక చర్చి హాలు తీసుకుని, సభ్యులకి తలా ఇరవై నిమిషాలు ఇచ్చేది. ఎవరికి నచ్చింది వాళ్ళు పాడుకోవచ్చు. ఆవిడ పేరిచ్చింది. ఆ వజ్రాల రాజు కథలో ముగ్గురినీ తనొక్కతే పాడుతుందట. రాజు ఏడ్చే ఘట్టానికి తెలుగులో పద్యం కూడా కట్టుకుంది. "ఈ ఒక్కసారైనా ముందుకొచ్చి నా గొంతుతో నేను పాడకపోతే, ఇక జన్మంతా బిందె మోయడమే శశీ" అని నాతో అంది. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు. అద్దం, మేకప్ పెట్టె పట్టుకుని స్టేజి మీద నిలబడటానికి ఒప్పుకున్నాను. భీమశంకర్ గారు శ్రుతిపెట్టె పట్టుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో ఎడమవైపు సంఘంవాళ్ళు, కుడివైపు మనవాళ్ళు. మనవాళ్ళు నవ్వుకోవడానికొచ్చారు, అందుకే టైముకి వచ్చారు. సాంబశివరావుగారు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

ముందు కూతురు. చీర మామూలు చీర, రంగు దేవుడు పూసిన రంగు. తన గొంతుకి అందేలా కిందికి దించి పాడింది. తర్వాత కెప్టెన్. నా వైపు చెయ్యి చాపి, డబ్బాలోంచి పౌడరు తీసుకుని, అందరూ చూస్తుండగా నుదుటికీ బుగ్గలకీ మెడకీ తెల్లగా అద్దుకుంది. తీరిగ్గా, చెవుల వెనక కూడా. ఎడమవైపు కుర్చీలు కిర్రుమన్నాయి. "ఇది మమ్మల్ని ఎగతాళి చేయడం కాదూ?" అని లిండా పక్కావిడని అడిగింది. ఏడు నెలల కిందట లిండా చెవుల వెనక గోధుమరంగు తుడిచింది బాలమణిగారే. కుడివైపు మాత్రం ఒకటే ఇకఇకలు.

పౌడరు తుడిచేసి, మళ్ళీ కూతురై విషం తాగి పడిపోయింది. తర్వాత ఆవిడ లేచి, కూతురి శవానికి గుర్తుగా ఒక శాలువా నేల మీద పరిచి, నా చేతిలోంచి మీసం తీసుకుని అంటించుకుంది. ఈసారి ఎడమవైపు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. కుడివైపు బిగుసుకుపోయారు. 

అప్పుడు రాజు పద్యం ఎత్తుకుంది. శపించిన నోటితోనే లేవమ్మా అని బతిమాలే పద్యం. చివరి పాదం దగ్గర రాగం తీసింది చూడండి, ఆ లావు గొంతు నేలబారుగా మొదలై, చర్చి గోడల్ని తడుముకుంటూ వెళ్ళి, మళ్ళీ ఆ శాలువా దగ్గరికే వచ్చి ఆగింది. ఇన్నేళ్ళూ ఫోనులో నేను దగ్గిన దగ్గులన్నీ గుర్తొచ్చి సిగ్గుతో ఏడుపొచ్చింది. రాజు శాలువా పక్కన కూలి చచ్చిపోయాడు.

"వన్స్ మోర్!"

హాలంతా అటు చూసింది. సాంబశివరావుగారు లేచి నిలబడున్నారు. పద్యం బాగుంటే అరవడం చిన్నప్పటినుంచీ అలవాటు, నోరు మనిషిని అడగలేదు. ఆయనకి గుండెనొప్పేమోనని వాల్టర్ పరుగెత్తుకొచ్చాడు.

చచ్చిన రాజు ఒక కన్ను తెరిచి, లేచి కూర్చున్నాడు. "ఎవరిది అన్నయ్యగారూ? కూతురిదా, తండ్రిదా?"

కూతురిది అంటే చాలు, మీసం దక్కుతుంది. మనవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. ఆయన చెయ్యి మీసం మీదికి వెళ్ళింది. భీమశంకర్ గారి శ్రుతిపెట్టె మోగుతూనే ఉంది.

"తండ్రిదే తల్లీ" అన్నాడాయన. "మొదట్నుంచీ పాడు."

"చనిపోయాడు కదా, ఎలా లేస్తాడు?" అని వాల్టర్ నన్నడిగాడు. "రాజుగారండీ, ఆయనిష్టం" అన్నాను.

ఆ తర్వాత రెండు వైపులా పెద్దమనుషులు తేరుకున్నారు. ఆవిడ పాట సంఘం పద్ధతికి సరిపడదని వాల్టర్ ఉత్తరం రాశాడు. మన తెలుగు అసోసియేషన్‌వాళ్ళు మెచ్చుకుని, పిల్లలకి పద్యాలు నేర్పమన్నారు. జూన్‌లో ఫిలడెల్ఫియాలో వేసే నాటకంలో రాజు వేషం మాత్రం, ముందే అనుకున్నాం కదా అని, సాంబశివరావుగారికే ఉంచారు.

ఆయన మాట మీద నిలబడ్డాడు. మా పక్క ఊరు ఐసెలిన్‌లో కూరగాయల కొట్లో నున్నటి పెదవితో కనిపిస్తే నేను గుర్తుపట్టలేదు. నాటకానికి రెండు రోజుల ముందు బాలమణిగారింటికొచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మీసం ఇంకా రాలేదమ్మా. మీది ఒక్కరోజు ఇస్తే..."

ఆవిడ లోపలికెళ్ళి, మాత్రల డబ్బాలో దాచిన మీసం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఉంచేసుకోండి అన్నయ్యగారూ. నాకు గొంతుంది."