చూసి వచ్చే పిల్లవాడు

మా పెద్దపాప పసిదిగా ఉన్నప్పుడు దాని ఏడుపు పక్కవీధికి వినిపించేది. ఎవరైనా ఎత్తుకుంటే మరుక్షణమే నవ్వు. ఎవరి చంకకైనా వెళ్లిపోయేది. పిల్లలంటే ఇంతేనని అనుకున్నాను. అందుకే నాలుగేళ్ల తర్వాత పుట్టిన బాబు ఊరికే చూస్తూ పడుకుంటే నాకు దిగులు పట్టుకుంది. దండెం మీద ఊగే చీరను గంటసేపు చూసేవాడు. కొత్తవాళ్లు వస్తే మొహం బిగుసుకుపోయేది. గబుక్కున ఎత్తుకున్నారా, గుక్కపట్టి ఏడ్చేవాడు.

ఆరో నెలలో అన్నం ముట్టించడానికి పెద్దారవీడు దగ్గర మా పుట్టింటికి తీసుకెళ్లాం. చుట్టాలు చేతులు మార్చుకుంటూ ముద్దాడారు. నాలుగో చేతికి వచ్చేసరికి వాడి మొహం కందిపోయింది.

"ఏందమ్మా, వీడు మనుషుల్ని చూస్తే ఇట్ల బెదురుతాండాడు? డాక్టరుకు చూపియ్యరాదా?" అంది మా పిన్ని.

మంచికే అన్నా, నేను లోపలి గదిలోకి పోయి ఏడ్చాను. ఆ వారమే మార్కాపురంలో పిల్లల డాక్టరుకు చూపించాం. ఆయన గలగలలాడించిన గిలక వైపు వాడు తల తిప్పాడు, లైటు ఎటు పోతే అటు చూశాడు.

"బాగున్నాడమ్మా. కొందరికి కొత్తవాళ్లతో కలవడానికి టైం పడుతుంది, అంతే" అన్నాడాయన.

నా మనసు మాత్రం కుదుటపడలేదు.

పుట్టింటికి తిరిగొచ్చాక వాణ్ణి మా నాయన పక్కన మంచం మీద పడుకోబెట్టాను. నాయన బతుకంతా గొర్రెలతోనే గడిచింది. ఆయన చిటికెలు వేయలేదు, పిలవలేదు. ఊరికే కూర్చున్నాడు.

"ఎత్తుకోవా నాయనా?" అన్నాను.

"ఎత్తుకోమని వాడు అడగలేదు గదమ్మా" అన్నాడు. వాడినే చూస్తూ, "ఈనిన దినమే తెలుస్తాది. ఒక గొర్రెపిల్ల లేస్తానే గంతులేస్తాది. ఇంకోటి తల్లి కడుపు కింద నిలబడి అన్నీ చూస్తాది. దాన్ని తరిమితే బెదురుతాది, ఇడిస్తే అదే వస్తాది. నువ్వూ అట్లనే ఉండినావు. ఏడాది దాకా మీ మేనత్త చంకన పోలేదు" అన్నాడు.

నాకు ఆశ్చర్యమేసింది. ఇప్పుడు బడిలో నలభై మంది పిల్లల ముందు గొంతు చించుకుని పాఠాలు చెప్పేదాన్ని నేనే!

దసరా సెలవులకు మళ్లీ వెళ్లేసరికి వాడు పాకుతున్నాడు. ఒక ఉదయం పశువుల ఆస్పత్రి నుంచి ఒకాయన గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించడానికి వచ్చాడు. వాడు నా ఒళ్లో కూర్చుని కదలకుండా చూశాడు. పని అయ్యాక ఆయన అరుగు మీద కూర్చుని, "రారా బుజ్జోడా" అని చేతులు చాచాడు. నేను బాబును దగ్గరికి లాక్కున్నాను.

"పిలవబాకండి సారూ. మీ పని మీరు చూసుకోండి" అన్నాడు నాయన.

ఆయన నవ్వి పుస్తకంలో ఏదో రాసుకోసాగాడు. బాబు నా ఒళ్లోంచి జారాడు. రెండడుగుల దూరం పాకి ఆగాడు. నా వైపు చూశాడు. మళ్లీ కదిలి, ఆయన పక్కనున్న మందుసంచి పట్టీని పట్టుకున్నాడు. అప్పుడు తలెత్తి ఆయన మొహంలోకి చూసి కిలకిలా నవ్వాడు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా?" అని ఆయన నాయనను గొంతు తగ్గించి అడిగాడు. అందరం నవ్వేశాం. వాడు బెదరలేదు.

అప్పటినుంచి ఎవరింటికి వెళ్లినా, "కాసేపు ఎత్తుకోవద్దు" అని ముందే చెప్పేదాన్ని. కొందరు నొచ్చుకున్నారు. నేను పట్టించుకోలేదు.

ఈమధ్యే, మూడేళ్లు నిండాక, వాణ్ణి గిద్దలూరులో మా ఇంటి దగ్గరి అంగన్‌వాడీలో చేర్చాను. రెండు రోజులు గుమ్మం దగ్గరే నా చీర పట్టుకుని నిలబడ్డాడు. టీచరమ్మ లోపలికి లాగబోతే వద్దన్నాను. మూడో రోజు బొమ్మల దాకా వెళ్లాడు. నాలుగో రోజు నేను వెళ్తున్నానంటే, ఇటు తిరగకుండానే చెయ్యి ఊపాడు. బయటికొచ్చాక నాకే ఏదో వెలితిగా అనిపించింది. నవ్వుకుంటూ స్కూటీ తీసి బడికి బయల్దేరాను.