వెనక్కి నడిచే ఆంటీ

ఆంటీ పోయారని వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, అమ్మ పొద్దున నిద్ర లేవలేదు," అంది. గాజు పని నేర్చుకునే స్టూడియోకి లేట్‌గా వస్తారు కాబోలు అనుకున్నాను ఒక్క క్షణం. అర్థమవడానికి ఇంకో క్షణం పట్టింది. మనిషి నిద్రలోనే అలా వెళ్ళిపోవచ్చని తెలిశాక నాకు కళ్ళు మూసుకోవాలంటే భయంగా ఉంది. దాచడమెందుకు?

ఆంటీ మాకు బంధువు కారు. ఇక్కడ అమెరికాలో, రెడ్‌మండ్‌లో మా వీధి చివరి ఇల్లు ఆవిడది. బతుకంతా మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. తోటివాళ్ళు క్రూజ్‌లు బుక్ చేసుకుంటుంటే ఈవిడ కొలిమి ముందు నిలబడి గాజు ఊదడం నేర్చుకున్నారు. "రోజంతా స్క్రీన్ చూసి నీ మొహం ఉడికిన వంకాయలా అయింది, పద," అని నన్నూ లాక్కెళ్ళారు.

ఆవిడకి వెనిస్ వాళ్ళ వల గిన్నె అంటే పిచ్చి. గాజు కడ్డీల లోపల సన్నటి తెల్ల దారాలుంటాయి. ఎడమకి మెలితిప్పిన కడ్డీలు ఒక పొర, కుడికి మెలితిప్పినవి ఇంకో పొర. రెండూ అతికితే వల అల్లుకుంటుంది, ప్రతి గడిలో ఆవగింజంత గాలిబుడగ నిలుస్తుంది.

కడ్డీ తీయాలంటే ఇద్దరుండాలి. కాగిన గాజుముద్దని ఒకరు గొట్టం చివర తిప్పుతుంటే, రెండో కొస పట్టుకుని ఇంకొకరు వెనక్కి నడవాలి. తొందరపడితే తెగుతుంది, తాత్సారం చేస్తే నేలకి జారుతుంది. వెనక ఏముందోనని తల తిప్పకూడదు. తిప్పేది నేను, నడిచేది ఆంటీ. బంగారు గాజులు కాగి చెయ్యి కాలుతుందని ముందే తీసి నా జేబులో వేసేవారు. "స్టూల్ ఉంది ఆంటీ, కొంచెం పక్కకి," అని నేను చెబుతుంటే, నా మాట నమ్మి అడుగు వేసేవారు.

"మీకు భయం లేదా ఆంటీ?" అని అడిగానొకసారి.

"ఎందుకు లేదూ? ప్రతి ఆపరేషన్‌కీ భయపడేదాన్ని. భయం లేని మత్తు డాక్టరు చేతిలో మాత్రం పడకు," అన్నారు.

ఆవిడ పోయేనాటికి ఎడమ కడ్డీలే తయారయ్యాయి. అమ్మని తలుచుకోవడానికి అందరూ వచ్చే రోజుకి ఆ గిన్నె కావాలని అమ్మాయి అడిగింది. కుడివి అదే లావులో రాకపోతే వల కుదరదు, ఆంటీ చివరి కడ్డీలన్నీ వృథా. "లావు నడకని బట్టి వస్తుంది. ఆవిడ నడక నీకే తెలుసు. నేను తిప్పుతాను, నువ్వు నడువు," అన్నాడు స్టూడియో ఓనర్. నా వల్ల కాదన్నాను. అన్నాను గానీ, వెళ్ళాను.

కొస పట్టుకున్నాను. మొహానికి సెగ, వీపంతా చెమట. గాజు జారడం మొదలైంది, నా కాలు మాత్రం కదల్లేదు. ఓనర్ పక్కన నిలబడ్డ అమ్మాయి నా వెనక్కి చూసి, తన అమెరికా యాసలో మెల్లగా చెప్పింది.

"వెళ్ళు అక్కా. వెనక ఎవరూ లేరు."

ఆంటీ ఎలా నడిచేవారో అలాగే నడిచాను, కొంచెం ఆగినట్టు, కొంచెం కదిలినట్టు. ఎర్రటి తీగ మా మధ్య సాగి, చల్లారుతూ, లోపలి తెల్ల దారాన్ని బయటపెట్టింది. ఓనర్ ఆంటీ కడ్డీ తెచ్చి పక్కన ఆనించి చూశాడు.

"సరిపోయింది. గట్టిపడింది కూడా, ఇక వదిలెయ్," అన్నాడు.

నేను ఇంకాసేపు పట్టుకునే ఉన్నాను.