హామిల్టన్‌లో రైట్ రైట్

కొత్త ఇంట్లో మూసి ఉన్న అలమర కనిపిస్తే కమలకుమారి చెయ్యి ఊరుకోదు. హామిల్టన్‌లో ఆడపడుచు బేబీ ఇంటికి వచ్చిన మర్నాడే మెట్ల కింద అలమర తలుపు తీసింది. లోపల చీకట్లో కూడా మెరిసే పట్టీల కోటు, దాని జేబుకి బేబీ ఫొటో ఉన్న కార్డు. ఆఫీసులో కూర్చునే మనిషికి ఇలాంటి కోటెందుకు?

బేబీ కూతురు నిఖిల అటుగా వస్తే పట్టుకుని అడిగింది.

"మామ్ డ్రైవ్స్ ది సిటీ బస్, అత్తా," అంది నిఖిల గొంతు తగ్గించి. "మామయ్యకి చెప్పొద్దు, ప్లీజ్. షి ఈజ్ స్కేర్డ్."

కమలకుమారి గబుక్కున అలమర మూసేసింది. తణుకు డిపోలో డ్రైవరుగా రిటైరైన ఆవిడ భర్త కోదండరామ్, తన చెల్లెలు కెనడాలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసరని వీధి వీధంతా చెప్పుకున్నాడు. ఉద్యోగమంతా తణుకు రాజమండ్రి మధ్యే తిరిగిన మనిషికి ఇక లోకం చూపించాలని ఈ ప్రయాణానికి పట్టుబట్టింది ఆవిడే. మొదటి మజిలీ బేబీ ఇల్లు. తర్వాత రైలెక్కి వాంకూవర్, అటునుంచి సింగపూర్, ఇంకా ఎన్నో. అంత తిరుగుడికి ముందే అన్నాచెల్లెళ్లు మాటా మాటా అనుకుంటే ఏం గాను?

తల్లిలేని బేబీని పెంచింది అన్నగారే. ఎవరైనా వస్తే తలుపు చాటుకి పోయే పిల్ల. కానీ డిపోలో అన్నయ్య బస్సు ఖాళీగా కనబడితే మాత్రం డ్రైవరు సీటెక్కి కూర్చునేది. ఒకరోజు అది చూసి కోదండరామ్ చెంప మీద ఒక్కటిచ్చాడు. నడుం నొప్పులూ, రాత్రి పరాయి ఊళ్లో పడుకునే నైటవుట్లూ, జనం తిట్లూ తనతోనే సరి అన్నాడు. ఆమెని ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టాలని సెలవు పెట్టకుండా డ్యూటీలు చేసి డిగ్రీ దాకా చదివించాడు.

ఆ సాయంత్రం వంటింట్లో కమలకుమారి సూటిగా అడిగేసరికి బేబీ చేతిలో గరిటె ఆగిపోయింది.

"మొదట ఆఫీసులోనే చేశా వదినా. కిటికీలోంచి బస్సులు కదుల్తుంటే నా ప్రాణమంతా అటే. భయపడుతూనే అప్లై చేశా. ట్రైనింగ్‌లో మంచు మీద బ్రేక్ వెయ్యడం వచ్చాక ఆ భయం పోయింది. అన్నయ్య భయం ఒక్కటే పోలేదు. నాకోసం అంత కష్టపడ్డాడు. మళ్లీ స్టీరింగే పట్టానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"నువ్వు చెప్పొద్దులే. రేపు నీ బస్సు ఎక్కుతాం."

బేబీ వద్దని ఎంత బతిమాలినా కమలకుమారి వినలేదు.

మర్నాడు సరస్సు చూద్దాం పదండంటూ భర్తని బస్టాపుకి తీసుకెళ్లింది. అక్కడంతా మన తెలుగు పిల్లలే, కాలేజీలకి వెళ్లేవాళ్లు. వాళ్లది ఏ ఊరో, ఏం చదువుతున్నారో, రాత్రిళ్లు ఏ కొట్లో పనిచేస్తున్నారో ఆవిడ నిమిషాల్లో రాబట్టింది. వాళ్లలో నిజామాబాద్ పిల్ల స్పందన రోడ్డు వైపు చూసి, "ఇప్పుడు మా అక్క బస్సొస్తది ఆంటీ. మనం ఉరికొస్తుంటే అద్దంల చూసి ఆపుతది," అంది.

బస్సు వచ్చింది. తలుపు తెరుచుకుంది. మొదటి మెట్టు మీద కాలు పెట్టిన కోదండరామ్ అలాగే బిగుసుకుపోయాడు. స్టీరింగు ముందు చెల్లెలు. ఆమె అన్న మొహంలోకి చూడలేదు.

వెనక పిల్లలు ఆగి ఉన్నారు. ఆయన ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు.

కదిలే ముందు బేబీ స్టీరింగుని తాకి ఆ చేతిని కళ్లకద్దుకుంది. అచ్చం ఆయన లాగే. కమలకుమారి భర్త వైపు ఓరగా చూసింది. ఆయన చూపంతా చెల్లెలి కాళ్ల మీదే ఉంది. కండక్టరు చేతిలో టీ తొణకకుండా బ్రేకు వేస్తానని ఆయన జీవితమంతా గొప్పలు చెప్పుకున్నవాడు. మంచు గడ్డకట్టిన మలుపులో బస్సు ఆగినప్పుడు నిలబడ్డ తెల్లామె చేతిలో కాఫీ కూడా తొణకలేదు.

దిగేవాళ్లు దిగుతూ థాంక్యూ అంటున్నారు. పిల్లలు అక్కా అని కూడా కలుపుతున్నారు.

"ఇక్కడ డ్రైవరుకి థాంక్స్ చెబుతారా?" అన్నాడాయన మెల్లగా.

"అందరూ చెబుతారటండీ."

"నాకు ఒక్కరూ చెప్పలేదే," అని మళ్లీ చెల్లెలి వైపు తిరిగాడు.

సరస్సు దగ్గర స్టాపులో కమలకుమారి దిగింది. ఆయన చెల్లెలి పక్కన నిలబడిపోయాడు.

"నేను ఆఫీసర్ని కాను అన్నయ్యా," అంది బేబీ.

"బస్సు కదిలాక అందులో డ్రైవరు కంటే పెద్ద ఆఫీసరెవరే పిచ్చిదానా?" అన్నాడు. "ఆ మలుపులో నేనైతే ఇంకాస్త ముందే బ్రేకు మీద కాలేసేవాణ్ణి. నీదే బాగుంది."

కిందికి దిగి, నాలుగడుగులు వెనక్కి నడిచి, బస్సు ఒంటి మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచాడు.

"రైట్... రైట్!"

లోపల మన పిల్లలంతా గొల్లున నవ్వి, వాళ్లూ రైట్ రైట్ అని అందుకున్నారు. బేబీ కళ్లు తుడుచుకుని బస్సు కదిలించింది.

కమలకుమారి సరస్సు వైపు నడవబోయి వెనక్కి చూసింది. ఆయన కదల్లేదు. బస్సు తిరిగి వచ్చేదాకా అక్కడే ఉంటాడట, మళ్లీ ఎక్కుతాడట. గ్లవుజు పళ్లతో లాగి ఫోను తీశాడు.

"ఎవరికండీ? అక్కడ అందరూ పడుకునే వేళ."

"డిపో పడుకోదు," అన్నాడు. అవతల కంట్రోలరు జనార్ధనరావు పలికాడు. "ఏమయ్యా, మా బేబీ ఆఫీసులో కుర్చీలో కూర్చుంటుందని చెప్పానే, అది తప్పు. బస్సు నడుపుతోంది. ఆఁ, మంచులో. అందరికీ చెప్పు."